ఎర్ర దారం సంచి

ఆ రోజు నేను చేయవలసిన పనులు ఇవి. బస్సులో కూర్చుని చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాను.

కొత్త ద్రావకం కలిపి వడకట్టాలి.
కాలమ్‌ను ఆ ద్రావకంతో గంటసేపు కడగాలి.
కుడి రూపాన్ని ఒక్కదాన్నే పంపి, ఎన్నో నిమిషంలో బయటికొస్తుందో చూడాలి.
కుడి, ఎడమ సమానంగా కలిసిన నమూనా పంపి, రెండూ విడివిడిగా వస్తున్నాయో లేదో చూడాలి.
ఎర్ర దారం సంచి నమూనా మూడుసార్లు పంపాలి.
మధ్యాహ్నంలోగా రిపోర్టు మేనేజరు గారికి ఇవ్వాలి.
ఇంటికెళ్ళేటప్పుడు నాన్న కళ్ళజోడు తీసుకోవాలి.

సాయంత్రానికి ఏడు పనుల మీదా గీతలు పడ్డాయి. మూడో పని మాత్రం చెయ్యకుండానే గీత కొట్టాను. ఈ కథంతా ఆ ఒక్క గీత గురించే.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. నాన్న ఇళ్ళకు రంగులు వేస్తాడు. అమ్మ ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. మందులు తయారుచేసే కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు నాన్న చాలా సంతోషపడి, ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేమిటి?"

ఎలా చెప్పాలా అని గుమ్మం వైపు చూశాను. చెప్పులు కనిపించాయి.

"కొన్ని అణువులు చెప్పుల జతలాంటివి నాన్నా. ఒకే తోలు, ఒకే కుట్టు, ఒకే బరువు. కానీ ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. మేం చేసే మందులో కుడిదే పనిచేస్తుంది. ఎడమది ఊరికే ఉండదు, గుండెదడ తెప్పిస్తుంది. తయారుచేసేటప్పుడేమో రెండూ చెరిసగం వస్తాయి. వాటిని విడదీయాలి."

"అంటే జత చెప్పుల్ని విడదీసే పనన్నమాట. పక్కింటి కుక్క మన గుమ్మంలో ఎన్నేళ్ళుగానో అదే చేస్తోంది. దానికెవరూ డిగ్రీ ఇవ్వలేదు మరి."

"మీరూరుకోండి. పిల్ల ముచ్చటగా చెబుతుంటే," అని అమ్మ కసిరింది. ఆ తర్వాత వారం రోజులు మా వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ నాన్న చెప్పులు చూపించి నా ఉద్యోగం వివరించాడు.

అసలు విడదీసే పని ల్యాబ్‌లో జరగదు. కింద ప్లాంటులో జరుగుతుంది. చెప్పుల్ని తూకం వేసి ఏది కుడిదో చెప్పలేం. దానికి ఒక పాదం కావాలి. మా దగ్గర ఆ పాదం ఒక ఆమ్లం. అది కూడా ఒక వైపుదే. దాన్ని కలిపి, వేడి చేసి, మెల్లగా చల్లారుస్తారు. ఆమ్లంతో కలిశాక కుడిది, ఎడమది ఇక అద్దంలో బొమ్మలు కావు. వేరువేరు లవణాలవుతాయి. కుడిది ముందుగా గట్టిపడి అడుగుకు దిగుతుంది. ఎడమది ద్రావణంలోనే ఉండిపోయి, దాన్ని ఇంకా ఇగిర్చాక బయటపడుతుంది.

ఈ పని చేసే ఆయన్ని ప్లాంటు మొత్తం 'బాబాయ్' అనేది. మేనేజరు గారూ బాబాయ్ అనేవారు, గేటు దగ్గర వాచ్‌మనూ బాబాయ్ అనేవాడు. కాంట్రాక్టు పని, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. సంతకం చెయ్యడం తప్ప చదువు రాదు. టార్చి లైటు పట్టుకుని పాత్ర మూతకున్న అద్దంలోంచి లోపలికి చూస్తూ, "పలుకు కడుతోంది, కదపొద్దు," అనేవాడు. కుడి లవణం అభ్రకం రేకుల్లా తళతళలాడుతూ వస్తుంది. ఎడమది దూదిలా ముద్ద కట్టిన సూదులు. ఆ దశలో చూస్తే తెలుస్తుంది. ఆమ్లం తీసేశాక మాత్రం రెండూ ఒకేలాంటి తెల్లటి పొడి. ఎవరూ పోల్చుకోలేరు. అందుకని రేకులున్న ట్రేకి ఎర్ర దారం, సూదులున్న ట్రేకి నీలం దారం కట్టి, ఆ దారాన్నే ట్రే నుంచి గిన్నెకీ, గిన్నె నుంచి సంచికీ తన చేత్తోనే మార్చేవాడు. సంచి మీద చీటీ అంటించేది వేరేవాళ్ళు. చీటీలో ఏముందో తను చదవలేడు కాబట్టి చీటీని నమ్మేవాడు కాదు.

"ఇంట్లో పిన్నికి ఏ రంగు దారం కట్టారు బాబాయ్?" అని ఫిల్టరు దగ్గర పనిచేసే అతను ఆటపట్టించేవాడు.

"నేనెక్కడ కట్టాన్రా. ఆవిడే నన్ను కట్టేసింది."

నమూనా కోసం నేను కిందికి వెళ్ళినప్పుడల్లా నన్నూ వదిలేవాడు కాదు.

"మీ గొట్టం నలభై నిమిషాలు చూసి చెప్పేది నా కన్ను నలభై లెక్కపెట్టేలోగా చెబుతుంది అమ్మాయ్."

"మీ కన్ను శాతం చెప్పదుగా బాబాయ్."

"శాతం చెప్పదులే. ఏది ఏదో చెబుతుంది."

ఆయన గొట్టం అన్నది నా కాలమ్‌ని. జానెడు స్టీలు గొట్టం. దాని నిండా సన్నటి పొడి. ఆ పొడి పైపూత కూడా ఒక వైపుదే. ద్రావకంతో పాటు నమూనాను పంపితే ఒక రూపం తొందరగా దాటుతుంది, రెండోది కాస్త చిక్కుకుని ఆలస్యంగా వస్తుంది. బయటికొచ్చిన ప్రతిదానికీ కంప్యూటరు తెర మీద ఒక పీక్ లేస్తుంది. మా దాంట్లో ఎప్పుడూ ముందొచ్చేది ఎడమది, తర్వాతొచ్చేది కుడిది. ఉద్యోగంలో చేరిన రెండు నెలల్లో నేను వందసార్లు చూశాను. వందసార్లూ అంతే.

ముందురోజు సాయంత్రమే ఐసోప్రొపనాల్ అయిపోయింది. మా ద్రావకంలో పదోవంతు అదే. కొత్తది రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. సరుకు తీసుకెళ్ళే లారీ వచ్చేసిందని ఆ రోజు మేనేజరు గారు పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోను చేశారు. అలమరలో ఇథనాల్ ఉంది. ఇదీ ఆల్కహాలే, అదీ ఆల్కహాలే అనుకున్నాను. ఇథనాల్‌తో ద్రావకం కలిపాను. ద్రావకం మారిస్తే ఒంటరి కుడి రూపాన్ని ముందు పంపి చూడాలని నాకు తెలుసు. తెలిసే పుస్తకంలో రాసుకున్నాను. కానీ అది పక్క భవనంలో ఫ్రిజ్‌లో ఉంటుంది. తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు మీటింగులో ఉన్నారు. సరే, రెండూ కలిసిన నమూనా పంపి చూద్దాం అనుకున్నాను. పంపితే రెండు పీకులు చక్కగా, ఎప్పటికంటే అందంగా విడివడి వచ్చాయి. ఇక చాలనిపించింది. మూడో పని మీద గీత కొట్టాను.

ఎర్ర దారం సంచి నమూనా పంపాను. ముందొచ్చే పీక్ కొండలా లేచింది. రెండోది గడ్డిపరకంత. తొంభై ఎనిమిది శాతం ఎడమ.

మూడుసార్లూ అదే వచ్చింది. మేనేజరు గారు నీలం దారం సంచి కూడా చూడమన్నారు. చూశాను. అందులో రెండో పీక్ కొండలా ఉంది. అంటే కుడిది. రెండు సంచుల ఫలితాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. నాకు మిగిలిన ఆ కాస్త అనుమానమూ పోయింది.

"బాబాయ్ దారాలు మార్చేశాడు," అన్నారు మేనేజరు గారు.

మమ్మల్నిద్దర్నీ ఆరబెట్టే గదిలోకి పిలిచారు. బాబాయ్ ట్రేలు కడుగుతూ తడి చేతులతో వచ్చాడు.

"ఎర్ర దారం సంచిలో ఎడమది తేలింది బాబాయ్."

"తేలదు సార్."

"రిపోర్టు ఇదిగో."

"రిపోర్టు సంగతి నాకు తెలీదు సార్. రేకులకి ఎరుపు కట్టాను, సూదులకి నీలం కట్టాను. ఇరవై ఆరేళ్ళుగా అదే కదా చేస్తున్నాను."

"ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి పొరపాటు జరగకూడదా?"

"జరగొచ్చు. జరిగితే నాకు తెలిసేది."

బాబాయ్ చేతులు లుంగీకి తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి. నీ గొట్టం తప్పు చెప్పే వీలుందా?"

"మిషను తప్పు చెప్పదు బాబాయ్," అన్నాను.

అది నిజమే. మిషను తప్పు చెప్పలేదు. అది ముందేదో వచ్చింది, తర్వాతేదో వచ్చింది అని మాత్రమే చెప్పింది. ముందొచ్చినదాని పేరు ఎడమ అని పెట్టింది నేను.

బాబాయ్ రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని, చదవలేకపోయినా, చాలాసేపు దాని వంక చూశాడు. తిరిగి ఇచ్చేటప్పుడు గొంతు తగ్గింది.

"అయితే నేనే మార్చుంటాను."

మందు విషయం కాబట్టి ఉపేక్షించే పని లేదన్నారు. విచారణ కాగితం మీద 'పనివాడి పొరపాటు' అని రాసి ఆయన చేత సంతకం పెట్టించారు. మర్నాటి నుంచి రావద్దని కాంట్రాక్టరు చెప్పాడు. సంచుల మీద చీటీలు మార్చి అంటించారు. నేను నాన్న కళ్ళజోడు తీసుకుని ఇంటికెళ్ళాను.

అన్నం తింటూ జరిగింది చెప్పాను. నాన్న కొత్త కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎరుపుకీ నీలానికీ తేడా తెలీకుండా చేశాడంటావా? అన్నేళ్ళు చేసినవాడు?"

"కాగితం మీద వచ్చింది నాన్నా."

"ఆఁ, కాగితం మీద వస్తే ఇంకేముందిలే," అన్నాడు. వెటకారం కాదు. నా చదువు మీద ఆయనకు అంత నమ్మకం.

మూడో రోజు ఐసోప్రొపనాల్ వచ్చింది. కాలమ్‌ను పాత ద్రావకంతో కడిగి, సరిగ్గా కుదురుకుందో లేదో చూద్దామని, చేతికందిన ఎర్ర దారం నమూనానే మళ్ళీ పంపాను. కొండలాంటి పీక్ ఈసారి రెండో చోట లేచింది.

కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాను. మళ్ళీ పంపాను. మళ్ళీ అంతే. పక్క భవనానికి వెళ్ళి, రెండు సంతకాలకూ రెండు గంటలు కాచుకుని, ఒంటరి కుడి రూపం తెచ్చాను. పాత ద్రావకంలో అది రెండోదిగా వచ్చింది. ఇథనాల్ ద్రావకంలో మొదటిదిగా వచ్చింది. ఆల్కహాలు మారితే పొడి మీది పూత పట్టుకునే తీరు మారుతుంది. కొన్ని అణువులకు వరుసే తిరగబడుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా.

ఎర్ర దారం సంచిలో ఉన్నది కుడిదే. బాబాయ్ ఏదీ మార్చలేదు. మార్చింది మేము.

మేనేజరు గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయన వెంటనే గోడౌనుకి ఫోను చేసి రెండు సంచులూ ఆపించారు. వాయిదా పడిన లారీ మర్నాడు బయల్దేరాల్సి ఉంది. సంచులు ఆగాయని తెలిశాక నీళ్ళు తాగి, తలుపు వేసి రమ్మన్నారు.

"మంచి పని చేశావమ్మా. ఎవరికీ నష్టం జరగలేదు. చీటీలు సరిచేయిస్తాను."

"మరి బాబాయ్, సార్?"

"విచారణ ముగిసింది. ఆయనే సంతకం పెట్టాడు. మళ్ళీ తెరిస్తే నీ పేరు రాయాలి, చూసి సంతకం చేశాను కాబట్టి నా పేరు రాయాలి. నీ ప్రొబేషన్ ఇంకా నాలుగు నెలలుంది. ఇంట్లో అందరి ఆశా నీ మీదేనని ఇంటర్వ్యూలో చెప్పావు, గుర్తుందా? ఆయనకేం, పని తెలిసిన మనిషి. ఎక్కడైనా దొరుకుతుంది."

నేను తల ఊపాను. ఊపానని ఒప్పుకోవాలి కాబట్టి రాస్తున్నాను. సాయంత్రానికల్లా సంచులు రెండూ వాటి వాటి స్థానాల్లోకి వెళ్ళాయి. మనిషి వెళ్ళలేదు.

రెండు వారాల తర్వాత బాబాయ్ ఇంటికి వెళ్ళాను. సైకిళ్ళు బాగుచేసే షాపు మీద రెండో అంతస్తు. చెప్పేద్దామనే వెళ్ళాను. పిన్ని తలుపు తీసి, "కంపెనీ నుంచి వచ్చిందండీ, మీ ల్యాబ్ అమ్మాయి," అని లోపలికి కేకేసింది. బాబాయ్ లేచి కుర్చీ దులిపి వేశాడు. కంపెనీ నుంచి అన్న మాటకి ఆయన ముఖంలో ఏదో వెలిగింది. నా చేతిలో పళ్ళ సంచి చూశాక ఆరిపోయింది.

"కంటి డాక్టరుకి చూపించుకున్నానమ్మాయ్. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. మరి ఎలా జరిగిందంటావు?"

పిన్ని అందుకుంది. "ఈయన వరస చూడమ్మా. స్టవ్ ఆపుతారు. ఆపానో లేదో నువ్వొచ్చి చూడు అంటారు. తాళం వేస్తారు. పడిందో లేదో నువ్వు లాగు అంటారు. అవతల ఇంకో కంపెనీవాళ్ళు ఇదే పనికి రమ్మని మనిషిని పంపితే వద్దని చెప్పేశారు."

"మళ్ళీ మార్చేస్తేనో?" అన్నాడు బాబాయ్. "ఎవరో మింగేది కదా అది. నా చేతిని నేనే నమ్మలేనప్పుడు ఎలా వెళ్ళను?" నా వైపు వంగాడు. "నువ్వు చదువుకున్నావు కదా తల్లీ. కళ్ళు బాగానే ఉన్నా మనిషికి ఎరుపు నీలంగా కనిపిస్తుందా?"

చెప్పడానికి అంతకంటే మంచి అదను ఉండదు. నోరు తెరిచాను కూడా.

"అలసటలో ఒక్కోసారి అలా జరుగుతుంది బాబాయ్."

ఆయన తల పంకించాడు. "అదే అయ్యుంటుంది. ఆ వారం రెండు షిఫ్టులు చేశాను మరి."

తప్పు పరీక్ష చేయడం పొరపాటు. మేనేజరు గారి గదిలో తల ఊపడం భయం. వాటికి ఏదో ఒక పేరు పెట్టుకోగలను. బాబాయ్ ఇంట్లో, ఆయన నన్నే నమ్మి అడిగినప్పుడు నేనన్న ఆ మాటకి ఏ పేరు పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

నాలుగు నెలలు గడిచాయి. ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం ఇచ్చారు. ఇంట్లో నాన్న గట్టిగా చదివి వినిపించమన్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. చదువుతూ వచ్చి, 'పనిలో కచ్చితత్వం, నిజాయితీ' అన్నచోట ఆగిపోయాను. నాన్న ముఖం ముందుకు పెట్టి, "ఊఁ, తర్వాత?" అన్నాడు.

తర్వాత అంతా చెప్పేశాను. చెప్పడం అయ్యేసరికి అమ్మ నేల మీద కూర్చుంది. నాన్న ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"ఆయన ఇల్లు ఎక్కడో తెలుసుగా?"

"తెలుసు."

"నన్ను రమ్మంటావా?"

"వద్దు నాన్నా."

"రెండు ముద్దలు తిని వెళ్ళనివ్వండి," అంది అమ్మ. "వద్దు, ఇప్పుడే వెళ్ళనీ. తింటే మళ్ళీ రేపంటుంది," అన్నాడు నాన్న. నన్ను ఆయన అంత సరిగ్గా ఎరుగునని నాకప్పుడే తెలిసింది.

బాబాయ్ అప్పటికి ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర పనిచేస్తున్నాడు. ఇంటికెళితే పిన్నే అక్కడికి దారి చెప్పింది. కారు వస్తే గేటు తీయాలి, వెళ్తే వేయాలి. ఆయన్ని గేటు పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, నేను నిలబడే చెప్పాను. ఆల్కహాలు మారడం, వరుస తిరగబడడం, నేను గీత కొట్టిన పని, అన్నీ. ఆయన అడ్డురాకుండా విన్నాడు. మధ్యలో ఒక కారు వస్తే లేచి గేటు తీసి, వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"అంటే ఎర్ర దారం దానికే కట్టాను."

"దానికే కట్టారు బాబాయ్."

"నీకెప్పుడు తెలిసింది?"

"మూడో రోజు."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"మరి నువ్వు మా ఇంటికొచ్చింది ఆ తర్వాతే కదా."

ఆయన గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. అరిచినా బాగుండేది.

"కాగితం మీద రాసివ్వండి," అన్నాడు చివరికి. "అక్కడ నేను సంతకం పెట్టింది కాగితం మీదే కదా."

అది మొదటిసారి ఆయన నన్ను 'మీరు' అనడం. ఆ తర్వాత అమ్మాయ్ అని గానీ తల్లీ అని గానీ పిలవలేదు. మర్యాదగా, దూరంగా, మీరు అనే అంటాడు.

జరిగిందంతా రాసి రెండు ప్రతులు చేశాను. ఒకటి కంపెనీకి ఇచ్చాను. మేనేజరు గారు నాతో మాట్లాడటం మానేశారు. ఉద్యోగం ఖాయమన్న కాగితం వెనక్కి తీసుకుని, నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పొడిగించారు. విచారణ ఫైలులో నా కాగితాన్ని బాబాయ్ సంతకం పెట్టిన కాగితం వెనక జతచేశారు. ఆయన్ని తిరిగి పిలవలేదు. కాంట్రాక్టరు మారాడని, ఆ చోటు భర్తీ అయిందని చెప్పారు. ఆయన వద్దన్న రెండో కంపెనీలో కూడా అప్పటికే మనిషిని పెట్టుకున్నారు.

రెండో ప్రతి ఆయనకు ఇచ్చాను. చదవమన్నాడు. పిన్ని కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది. చదివాను. "ఇంకోసారి," అన్నాడు. మళ్ళీ చదివాను. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "స్టవ్ సంగతి ఇక నన్నడక్కండి," అంది. ఆయన నవ్వలేదు గానీ, కాగితం జేబులో పెట్టుకుని, పైన బొత్తాం పెట్టుకున్నాడు.

ఇప్పటికీ ఆయన గేటు దగ్గరే ఉన్నాడు. నేను ల్యాబ్‌లో ఉన్నాను. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇదంతా చదివి నన్ను క్షమించమని అడగడం లేదు. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. ఒక మనిషి ఇరవై ఆరేళ్ళు ఎవరో మింగబోయే మందును కన్నార్పకుండా కాచాడు. తప్పు చెయ్యలేదని ఒకసారి చెప్పాడు. చదువుకున్నవాళ్ళం మేము కాదన్నాక, మా మాట మీద గౌరవంతో తన కళ్ళనే కాదనుకున్నాడు. ఆయన పొరపాటు చెయ్యలేదు. దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.